ఐసత్త తీర్మానం

ఎలిశబెతును మా ఊరి పిల్లలు ఐసత్త అంటారు. ఆమెకు వేరే పేరుందని వాళ్ళలో చాలామందికి తెలియదు. విడవలూరు నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డు మా చర్చి దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి రొయ్యల గుంటల మీదుగా జాలర్ల పాళెం దాకా పోతుంది. రెండోది ఇసుక దిబ్బల మధ్య జీడిమామిడి తోపుల్లోకి పోయి అక్కడే ఆగిపోతుంది. ఆ రెండో దారిలో మొదటి ఇల్లు ఆమెది. ముందు రేకుల వసారా ఉంటుంది. వసారా మూలలో, పాత దుప్పటి కప్పిన డీప్ ఫ్రీజరు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు చల్లదనం బయటికి పోకుండా ఆ దుప్పటి.

ఎండలు మొదలైన దగ్గర్నుంచి ఆ ఫ్రీజరులో ఎప్పుడూ ఏదో ఒక పండు గడ్డకడుతూ ఉంటుంది. పుచ్చకాయ, సపోటా, మామిడి, తాటి ముంజలు, ఏది దొరికితే అది. రసాన్ని చిన్న స్టీలు గ్లాసుల్లో పోస్తుంది. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి రబ్బరు బ్యాండు వేస్తుంది. కాగితం మధ్యలో చిన్న గాటు పెట్టి అందులోంచి పుల్ల గుచ్చుతుంది. కాగితం పట్టుకొని ఉండబట్టి పుల్ల నిటారుగా నిలబడుతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని ఒరుగుతాయి. ఒరిగిన పుల్ల ఉన్న ఐసును ఆమె పిల్లలకు ఇవ్వదు. తనే తింటుంది.

ఈ పని ఆమెకు ఎక్కడ అబ్బిందని అడిగితే భర్తను చూపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో క్రీస్తుదాసు సైకిలు మీద పుల్ల ఐసు అమ్మేవాడు. పొద్దున్నే ఫ్యాక్టరీలో చెక్కపెట్టె నింపుకొని, రబ్బరు హారను కొట్టుకుంటూ ఊళ్ళు తిరిగి, మధ్యాహ్నానికి మిగిలినవి ఇంటికి తెచ్చేవాడు. కొత్త పెళ్ళికూతురు ఎర్రదాన్ని తీసుకొని చప్పరించి చూసిందట.

"ఇదేం పండయ్యా?"

"ఎర్ర పండు."

"మరి ఆ పచ్చది?"

"పచ్చ పండు. అన్నీ ఒక చెట్టుకే కాస్తాయి మే. మా ఓనరు ఇంటెనకాల ఉండాది ఆ చెట్టు."

ఈ ముచ్చట ఇద్దరూ ఇప్పటికీ చెప్పుకుంటారు. కాకపోతే క్రీస్తుదాసు దీన్ని నవ్వడానికి చెబుతాడు, ఎలిశబెతు ఆ రోజే తనకు అసలు పండుతో చేసి చూడాలనిపించిందని చెప్పడానికి చెబుతుంది. అనిపించిన చాలా ఏళ్ళకు గాని ఆమెకు వీలు కాలేదు. ఆడపిల్లల హాస్టలులో వంటమనిషిగా పనిచేసింది. హాస్టలు మూతపడ్డాక, విడవలూరులో ఎవరో కూల్‌డ్రింకు షాపు ఎత్తేస్తుంటే ఈ ఫ్రీజరు తెచ్చుకుంది. ఆదివారం బడి పిల్లల కోసం చేయడం అప్పుడే మొదలైంది. అమ్మకం ఆ తర్వాత వచ్చింది, అది కూడా వీధి దాటి పోలేదు.

ఆమె చేసే ఐసుల్లో పేరుపడింది జీడిపండు ఐసు. తోపుల్లో పండు రాలగానే గింజ మెలితిప్పి తీసుకుంటారు, పండును చెట్టుకింద కుప్ప పోసి వదిలేస్తారు. పండు తీపిగానే ఉంటుంది. కాని తిన్నాక వగరు గొంతును పట్టుకుంటుంది. నాలుక మందమవుతుంది, దగ్గు వస్తుంది, మాట బొంగురుపోతుంది. రసం బట్టల మీద పడితే మరక పోదు. ఎలిశబెతు ఆ రసంలో చిక్కటి గంజి కలుపుతుంది. గంజి పడగానే రసం విరిగినట్టయి, వగరంతా తుంపులు తుంపులుగా అడుగుకు దిగుతుంది. పైన తేరిన రసాన్ని గుడ్డలో వంచుకొని నాలుక మీద ఒక చుక్క వేసుకుంటుంది. వగరు తగిలితే మళ్ళీ గంజి పోస్తుంది. ఎంత రసానికి ఎంత గంజి అని అడిగితే ఆమెకు చెప్పడం రాదు. పండును బట్టి మారుతుంది, గంజిని బట్టి మారుతుంది. నాలుక ఒప్పుకునేదాకా పోయడమే ఆమె లెక్క.

నిరుడు చలికాలంలో క్రీస్తుదాసు కాలి బొటనవేలికి దెబ్బ తగిలింది. అతను అప్పటికి రొయ్యల గుంటల దగ్గర కాపలా పనిలో ఉన్నాడు. కట్ట మీద పడి ఉన్న నత్తగుల్ల గీసుకుంది. చిన్న గాయమే. కాని అతనికి షుగరు ఉంది. గాయం పుండయింది, పుండు మానలేదు. నెల్లూరులో డాక్టరు కట్టు విప్పి చూసి, షుగరు దిగితేనే ఇది మానుతుందన్నాడు. ఎండాకాలం అయ్యేలోపు దిగకపోతే వేలు తీసేయాలని, ఇంకా ఆలస్యం చేస్తే వేలితో ఆగదని చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో క్రీస్తుదాసు తేల్చేశాడు. "ఒక్క వేలే గదా. వేలు లేకపోతే సైకిలు తొక్కలేనా?"

ఇంటికి రాగానే ఎలిశబెతు బియ్యం డబ్బాను అటక మీదికి ఎక్కించింది. పొయ్యి మీదికి రాగిసంగటి, పెసల చారు వచ్చాయి. పంచదార ఐసు కోసం తప్ప వంటింట్లో కనపడలేదు.

తర్వాత ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు, లెంటు దినాలు వచ్చాయి. మొదటి బుధవారం కూడికలో పాస్టరు సుశీల్ కుమార్‌గారు, ఈస్టరు దాకా ఎవరెవరు ఏమేమి మానుకుంటారో లేచి చెప్పమన్నారు. ఒకరు కాఫీ అన్నారు, ఒకరు సీరియలు అన్నారు. ఎలిశబెతు లేచి, "తీపి నాలుక మీద పెట్టను. మా ఆయన వేలు నిలవాల" అని కూర్చుంది. పాస్టరుగారు క్రీస్తుదాసు వైపు చూశారు.

"నాకు డాక్టరే అన్నీ మాన్పించినాడు గదయ్యా" అన్నాడు క్రీస్తుదాసు కూర్చునే. "ఇంక నేను మానేదానికి ఏం మిగిలుండాది?"

అందరూ నవ్వారు. ఎలిశబెతు కూడా నవ్వింది.

ఆ రోజు నుంచి ఒరిగిన పుల్లల ఐసులు ఫ్రీజరులో ఒక పక్కన మిగిలిపోవడం మొదలైంది. ఆమె వాటిని వీధి పిల్లలకు ఇచ్చేయమని భర్తతో చెప్పేది. అతను ఇచ్చేశానని చెప్పేవాడు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం పిల్లలు తెల్లబట్టలు వేసుకొని, కొబ్బరి మట్టలు పట్టుకొని హోసన్న పాడుతూ ఊరేగుతారు. ఎండలో తిరిగి వచ్చిన వాళ్ళకు చర్చి ముందర ఐసత్త ఐసు ఇవ్వడం కొన్నేళ్ళుగా ఆనవాయితీ. అది సరిగ్గా జీడిపళ్ళ కాలం. ముందురోజు శనివారం పొద్దున్నే ఎలిశబెతు తోపుకు పోయి పండ్లు ఏరుకొచ్చింది. ఆ తోపు మాలకొండమ్మది. తోపుతో పాటు మాగాణి కూడా ఉన్న ఇల్లు. ఆ ఇంటికీ చర్చి వీధికీ మంచి చెడ్డ మాట్లాడుకునే వరసే గాని తినిపోయే వరస లేదు. ఐసు మాత్రం మాలకొండమ్మ లెక్కలోకి తీసుకోలేదు. అది నీళ్ళే గదా అనేది.

ఎలిశబెతు ఇంట్లో ఇప్పుడు గంజి లేదు. అన్నం వండితే కదా గంజి. అందుకని మాలకొండమ్మనే అడిగింది. మాలకొండమ్మ మధ్యాహ్నానికి బకెట్టు పట్టుకొని తనే వచ్చి వసారా అరుగు మీద కూర్చుంది.

"కోడలు గేదెకని కొంచెం నీళ్ళు కలిపేసినాది. సరిపోతుందేమో చూడు" అంది.

ఎలిశబెతు గంజి పోసి కలిపింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. తుంపులు వచ్చాయి గాని ఎప్పటిలా గబగబా దిగలేదు. చాలాసేపటికి పైన రసం తేరింది. ఎలిశబెతు దాన్ని గుడ్డలో వంచి గిన్నె మాలకొండమ్మ ముందుకు జరిపింది.

"ఒక్క చుక్క నాలుక మీద వేసుకొని చెప్పక్కా."

"ఈ రోజు శనివారం మే. నాకు ఒక్కపొద్దు. సామికి దీపం పెట్టేదాకా మంచినీళ్ళు కూడా ముట్టను. నువ్వు చూసుకో."

"నేను ఈస్టరు దాకా ముట్టకూడదు గదక్కా."

"అదేంది, చుక్కకు కూడా మొక్కేనా?"

"మొక్కు కాదక్కా, తీర్మానం."

"ఏదో ఒకటి. ఇప్పుడు నువ్వు నీ దేవుడికి నోరు కట్టేసుకున్నావు, నేను మా సామికి కట్టేసుకున్నా. ఈ రసానికి దిక్కెవురు?"

ఇద్దరూ నవ్వారు. వసారా అవతల మంచం మీద కట్టు కట్టిన కాలు చాపుకొని పడుకున్న క్రీస్తుదాసు తల ఎత్తాడు.

"ఇద్దురూ నోళ్ళు కట్టుకుంటే నా నోరు ఖాళీగానే ఉండాది. ఇట్ట తీసుకురండి."

"నువ్వు పడుకో" అంది ఎలిశబెతు.

నాలుక విషయంలో క్రీస్తుదాసును మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. సైకిలు తొక్కే రోజుల్లో ఐసు ముక్క నోట్లో వేసుకొని, అది పంచదారో శాక్రినో, నీళ్ళు ఏ బోరువో చెప్పేవాడు. ఆ సంగతి ఎలిశబెతుకు తెలుసు. అయినా గిన్నెను అతని వైపు పోనివ్వలేదు.

"ఇంకెవురినైనా పిలవకూడదా?" అంది మాలకొండమ్మ.

ఎలిశబెతు గిన్నెను ఎండలోకి ఎత్తి చూసింది. "ఇన్నేళ్ళు చేసినాను. చూస్తే తెలీదా?" అంది. పంచదార కలిపి, గ్లాసుల్లో పోసి, కాగితాలు కట్టి ఫ్రీజరులో పెట్టింది.

మర్నాడు ఊరేగింపు బయలుదేరేముందు పిల్లలు చర్చి ముందు వరసలో నిలబడ్డారు. ప్రతి ఏడూ మొదటి హోసన్న క్రీస్తుదాసుది. అతని గొంతు పాళెం దాకా వినపడుతుందని అంటారు. ఈసారి కాలు బాగాలేక నడవలేడు గనక గేటు దగ్గర కుర్చీ వేశారు. ఆదివారం బడి టీచరు షారన్ చెయ్యి ఊపింది. అతను నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి, దాని వెనక ఏదో కీచుమన్న చప్పుడు వచ్చాయి. మళ్ళీ ప్రయత్నించాడు. దగ్గు వచ్చింది.

"జలుబు చేసినట్టుండాది. నువ్వే ఎత్తుకోమ్మా" అన్నాడు షారన్‌తో. షారన్ ఎత్తుకుంది. పిల్లలు అందుకొని మట్టలు ఊపుకుంటూ పోయారు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఎలిశబెతు ఐసులు పళ్ళేల్లో పెట్టి సిద్ధంగా ఉంది. పిల్లలు ఎగబడ్డారు. మొదట్లో ఏమీ కాలేదు. చల్లగా ఉన్నంతసేపు తీపే తెలిసింది. చల్లదనం పోయాక ఒక చిన్నపిల్ల నాలుక బయటపెట్టి వేలితో తుడుచుకుంది.

"ఐసత్తా, నా నాలుక గుంజుతుండాది."

తర్వాత ఒకరి వెనక ఒకరు దగ్గడం మొదలుపెట్టారు. కొందరు ఉమ్మేశారు. ఉమ్మింది తెల్లగౌన్ల మీద, తెల్లచొక్కాల మీద పడింది. కరిగిన ఐసు చేతుల మీదుగా కారి మోచేతుల దాకా పోయింది. తల్లులు పరిగెత్తుకొచ్చారు.

"జీడి మరక మే ఇది! సచ్చినా పోదు" అని ఒకామె అరిచింది. "వచ్చే వారం పండక్కు పిల్లకేం తొడగాల?"

"ఈ పొద్దు పండు మంచిది కాదేమో అత్తా" అంది షారన్, నీళ్ళు తెచ్చి పిల్లలకు పుక్కిలింపజేస్తూ.

ఎలిశబెతు ఖాళీ బకెట్టు తీసుకొని ప్రతి పిల్ల దగ్గరికీ పోయి ఐసు వెనక్కి తీసుకుంది. పిల్లలు బొంగురు గొంతుతో దగ్గుతున్నారు. గాలి, దాని వెనక కీచుమనే చప్పుడు. ఆమె బకెట్టు పట్టుకొని ఆగిపోయింది. తల తిప్పి గేటు వైపు చూసింది. కుర్చీలో క్రీస్తుదాసు తన కాలి కట్టును చూసుకుంటున్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె ముందు మరకల గ్లాసులు కడిగింది. ఆ తర్వాత ఫ్రీజరు మూత ఎత్తి, ఒరిగిన పుల్లలు పెట్టిన పక్కకు చూసింది. అక్కడ ఏమీ లేవు.

"ఎప్పుడు తిన్నావు?" అంది.

"దేన్ని?"

"నీకు జలుబు చేసిందా?"

క్రీస్తుదాసు కాసేపు రేకుల వైపు చూశాడు. "తెల్లారి నువ్వు నీళ్ళకు పోయినప్పుడు" అన్నాడు. గొంతు ఇంకా సరిగ్గా రాలేదు.

"వగరని తెలిసిందా?"

"నోట్లో పెట్టుకోంగానే తెలిసినాది."

"మరి చెప్పలా?"

"చెప్తే తిన్నానని తెలిసిపోతుంది గదా."

ఆమె ఫ్రీజరు మూత వేసింది. దుప్పటి మడత సరిచేసింది.

"అంతకుముందువి? పిల్లలకు ఇచ్చేసినా అన్నావే, అవి?"

"కొన్ని ఇచ్చినా."

"కొన్ని."

"నువ్వు చర్చిలో లేచి నిలబడి చెప్తావని నాకు తెలుసా? నన్ను అడిగినావా?" అన్నాడు క్రీస్తుదాసు. కొంచెం కోపం తెచ్చుకున్నాడు గాని అది నిలబడలేదు. "నువ్వు మానితే నేను మాని తీరాలని తెలుసు. చెయ్యి ఊరుకోలా."

"పిల్లలు అందరిముందర ఉమ్మేసినారయ్యా" అంది ఎలిశబెతు. "నా బాధ అది కాదు. ఆ వేలు పోతే దాన్ని నేను పంచదార పోసి తీయించినట్టు. ఈ ఐసు చేసేది నేను గదా."

ఆ సాయంత్రం ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు ప్రత్యూష కట్టు మార్చడానికి వచ్చింది. పుండు ఎట్లా ఉందని ఎలిశబెతు అడగలేదు. ప్రత్యూషే చెప్పింది. "ఏం మార్పు లేదు తాతా. డాక్టరు చెప్పినట్టు తింటుండావా లేదా?" అని క్రీస్తుదాసును కసిరింది. "లేదు" అన్నాడతను. నిజం చెప్పినవాణ్ణి ఏమనాలో తెలియక ఆ అమ్మాయి కట్టు కట్టేసి పోయింది.

వారమంతా ఐసత్త ఇంటి ముందు పిల్లలు ఆగలేదు. బుధవారం షారన్ వచ్చి, ఈస్టరుకు ఈసారి నెల్లూరు నుంచి కప్పు ఐసుక్రీములు తెప్పిస్తే ఎట్లా ఉంటుందని కొందరు అంటున్నారని, ఎవరన్నారో చెప్పకుండా చెప్పింది.

"నేను చేస్తాలే" అంది ఎలిశబెతు.

"మళ్ళీ జీడిపండేనా అత్తా?"

"జీడిపండే."

శనివారం ఆమె మళ్ళీ తోపుకు పోయింది. గంజి కోసం ఎవరినీ అడగలేదు. అటక మీద నుంచి బియ్యం దించి, అన్నం వండి, గంజి వంచుకుంది. అన్నాన్ని మాలకొండమ్మ గేదెకు పంపింది. గంజి పోసింది. రసం విరిగింది, తేరింది. మాలకొండమ్మ అప్పటికే అరుగు మీద ఉంది.

"నా వైపు చూడబాక. ఇది కూడా శనివారమే" అంది.

ఎలిశబెతు చిన్న గరిటెలో రసం తీసుకుంది. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో చెంబెడు నీళ్ళు, చంకలో ప్లాస్టిక్ బేసిను పెట్టుకొని మంచం దగ్గరికి పోయింది. క్రీస్తుదాసు లేచి కూర్చున్నాడు.

"నోరు తెరువు."

"ఏంది?"

"నాలుక మీద పోస్తా. రుచి చూసి దీంట్లో ఉమ్మెయ్. మింగినావంటే ఈ బేసిను నెత్తినేస్తా."

మాలకొండమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. క్రీస్తుదాసు భార్య ముఖం చూసి నోరు తెరిచాడు. ఆమె చుక్క వేసింది. అతను కళ్ళు మూసుకున్నాడు. సైకిలు రోజుల్లో కూడా రుచి చూసేటప్పుడు అట్లాగే మూసుకునేవాడట. బేసినులో ఉమ్మేశాడు. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ ఉమ్మేశాడు.

"తెరువు."

తెరిచాడు. ఆమె వెలుతురుకు తిప్పి లోపల చూసింది.

"గొర్రెను కొనేటప్పుడు చూసినట్టు చూస్తుండాది" అంది మాలకొండమ్మ. "పళ్ళు కూడా లెక్కపెట్టుకో ఎలిశబెతూ."

"వగరు చివర్లో వస్తుండాది మే" అన్నాడు క్రీస్తుదాసు. "ఇంకో గరిటె గంజి పడాల."

గంజి పడింది. మళ్ళీ చుక్క, మళ్ళీ ఉమ్మడం, మళ్ళీ నోరు తెరవడం. మూడోసారికి అతను తల ఊపాడు. ఎలిశబెతు అక్కడే కాసేపు నిలబడింది. పోయిన వారం ఇదే నాలుక తెలిసి తెలిసి చెప్పలేదు. ఇప్పుడు వగరు పోయిందంటోంది. నమ్మడానికి ఆమెకు ఇంకో నాలుక లేదు. పంచదార కలిపాక మళ్ళీ చుక్క వేసింది. "చాలు" అన్నాడు. ఆమె పోయి గ్లాసుల్లో పోసింది.

ఈస్టరు పొద్దున ఆరాధన అయ్యాక పిల్లలు ఐసు తీసుకున్నారు గాని వెంటనే నోట్లో పెట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరి చొక్కాల మీద ఇంకా గోధుమరంగు మరకలున్నాయి. చివరికి షారన్ తన ఐసు కొరికి, కాసేపు ఆగి, మింగి, "ఏం గుంజడంలా" అంది. అప్పుడు తిన్నారు. ఎవరూ దగ్గలేదు. పాస్టరుగారు ఒక ఐసు తెచ్చి ఎలిశబెతుకు ఇచ్చారు.

"నలభై దినాలూ అయిపోయినాయి గదమ్మా. మీరూ తినండి."

"వేలు సంగతి తేలాక తింటానయ్యా" అని ఆమె దాన్ని పక్కనున్న పిల్లకు ఇచ్చేసింది.

జీడిపళ్ళు అయిపోయాయి. పుచ్చకాయ, తర్వాత ముంజలు, తర్వాత మామిడి వచ్చాయి. వీటికి గంజి అక్కర్లేదు. తీపి చూసుకుంటే చాలు. గరిటె, చెంబు, బేసిను మాత్రం అట్లాగే సాగాయి. ఆమె చుక్క వేయడం, అతను ఉమ్మడం, నోరు తెరవడం. ఒరిగిన పుల్లల ఐసులు ఇప్పుడు ఆమే స్వయంగా వీధిలోకి తీసుకుపోయి ఇచ్చేది. ప్రత్యూష వచ్చినప్పుడల్లా కట్టు విప్పి చూసేది. ఒకసారి, "అంచులు ఎండుతున్నట్టుండాయి" అంది. ఇంకోసారి ఏమీ అనలేదు. ఏమీ అననప్పుడు ఎలిశబెతు ఆ సాయంత్రం ఫ్రీజరు మూత మాటిమాటికీ ఎత్తి చూసేది.

మే నెలలో పిల్లల సెలవుల బైబిలు తరగతులు జరిగాయి. చివరిరోజు మామిడిపండు ఐసు. పిల్లలు మెట్ల మీద కూర్చొని తింటున్నారు. పోయిన నెల నాలుక గుంజిందన్న పిల్ల సగం తిని లేచి వచ్చింది.

"ఐసత్తా, దీంట్లో పంచదార వేయలేదా?"

"వేసినా గదా."

"చప్పగా ఉండాది."

ఇంకో ఇద్దరు పిల్లలు కూడా అవునన్నారు. ముంజల ఐసు కూడా చప్పగానే ఉందని, చెబితే అత్త బాధపడుతుందని చెప్పలేదని షారన్ ఒప్పుకుంది. ఎలిశబెతు ఐసు పళ్ళెం అక్కడే పెట్టి, గేటు దగ్గర కుర్చీలో ఉన్న భర్త దగ్గరికి పోయింది.

"ఏమయ్యా, తీపి సరిపోయిందన్నావే. పిల్లలు చప్పగా ఉండాదంటుండారు."

"చప్పగానా?" క్రీస్తుదాసు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు పోసినప్పుడు నోరు కట్టేసింది మే నాకు. ఈ ముసలిది పిల్లల పళ్ళు పాడు చేస్తుండాదే అనుకున్నా. అంతకంటే తీపి ఎట్ట తింటారు?"

ఎలిశబెతు అతని ముఖం కేసి చూసింది. అతను అబద్ధం చెబుతున్నప్పుడు రేకుల వైపో, కాలి వైపో చూస్తాడు. ఇప్పుడు ఆమెనే చూస్తున్నాడు. ఫ్యాక్టరీ ఐసులో పంచదార ఎంతుందో చెప్పగలిగినవాడు, జన్మంతా టీలో రెండు చెంచాలు వేసుకున్నవాడు. ఆ నాలుకకు ఇప్పుడు ఈ మాత్రం తీపే ఎక్కువైంది.

"ఏమైంది? అట్ట చూస్తుండావు?"

"ఏం లేదు" అంది. ఇంటికి పోయి పంచదార పాకం చేసి తెచ్చి, మిగిలిన ఐసుల మీద తలా ఒక చెంచా పోసి ఇచ్చింది. పిల్లలకు అది ఇంకా నచ్చింది.

మర్నాడు సపోటా రసం కలిపినప్పుడు ఆమె గరిటె తీసుకొని మంచం దగ్గరికి పోయింది. బేసిను తీసుకుపోలేదు. క్రీస్తుదాసు రుచి చూసి, అటూ ఇటూ వెతికి, లేచి కుంటుకుంటూ వాకిట్లోకి పోయి ఉమ్మేసి వచ్చాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచి నిలబడ్డాడు.

"మూసుకో. ఈగలు పోతాయి" అంది ఎలిశబెతు. అతను సరిపోయిందన్న తీపికి ఇంకో గుప్పెడు పంచదార కలిపింది.

ఆ నెలాఖరున ఇద్దరూ నెల్లూరు పోయారు. డాక్టరు కట్టు విప్పి, వేలి చుట్టూ నొక్కి చూసి, రక్తపరీక్ష కాగితం తిప్పి చూశాడు. వేలు తీయనక్కర్లేదన్నాడు. ఇదే తిండి వదలకుండా తినమన్నాడు, చెప్పుల్లేకుండా గుంటల మీదికి పోవద్దన్నాడు. ఎలిశబెతు సరేనని కట్టుగుడ్డలు సంచిలో పెట్టుకుంది. క్రీస్తుదాసు తన వేలిని కాసేపు కదిపి చూసుకున్నాడు.

బస్టాండులో ఒక బండి మీద పుల్ల ఐసు అమ్ముతున్నారు. ఎర్రవి, పచ్చవి, పసుపువి. ఎలిశబెతు ఒక ఎర్రది కొనుక్కుంది. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక దాన్ని ఒక్కసారి నాలుకకు ఆనించింది. వెంటనే ముఖం ముడుచుకొని వెనక్కి తీసింది.

"అబ్బా! ఇంత తీపేందయ్యా?"

"నేను చెప్పలా?" అన్నాడు క్రీస్తుదాసు. "ఎర్ర పండు అట్నే ఉంటుంది."

ఆమె ఇంకోసారి ఆనించి చూసింది. సగం కూడా తినలేకపోయింది. కరుగుతున్నదాన్ని కిటికీ బయటికి పట్టుకొని కూర్చుంది. బస్సు విడవలూరు రోడ్డెక్కేసరికి చేతిలో పుల్ల మాత్రం మిగిలింది.